తీగ ముట్టని నెట్‌వర్క్ ఇంజినీర్లు

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ వైపు మెట్రో కింద బండి మీద వెళ్తుంటే రెండు రకాల అంకెలు కంటపడతాయి. ఒకటి పిల్లర్ నంబరు. రెండోది ఆ పిల్లర్ ఎదురుగా మూడో అంతస్తు కిటికీకి కట్టిన ఫ్లెక్సీ మీది రోజుల లెక్క. మూసారాంబాగ్‌లో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోర్సు 60 రోజులు. దిల్‌సుఖ్‌నగర్ డిపో దగ్గరికొచ్చేసరికి 45. చైతన్యపురి దాటితే 30. ఇదే జోరున తగ్గుకుంటూ పోతే, ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సు కోసం నిలబడ్డవాడికి బస్సు వచ్చేలోపే సర్టిఫికెట్ చేతిలో పడాలి.

ఫ్లెక్సీ మీద 'ఓన్లీ ఆన్‌లైన్' అని ఉంటుంది. దాని కిందే అడ్రసు: పిల్లర్ నంబరు ఫలానా, టిఫిన్ సెంటర్ పైన. ఆన్‌లైన్ చదువుకు టిఫిన్ సెంటర్ పైన గది దేనికని అడిగితే పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తారు. పాఠం ఎక్కణ్నుంచైనా వినొచ్చు. ఫీజు మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి కట్టించుకోవాలి. ఇంటికెళ్లి ఆలోచించుకునే వీలిస్తే సగం మంది కట్టరని ఈ వ్యాపారంలో పండిపోయినవాళ్లకు తెలుసు.

ఆ ఫ్లెక్సీని తీరిగ్గా చదవండి. కోడింగ్ రానక్కర్లేదు. లెక్కలు రానక్కర్లేదు. ఇంగ్లిషు రానక్కర్లేదు, అంతా తెలుగులోనే. బీటెక్ అక్కర్లేదు, ఏ డిగ్రీ అయినా ఓకే. బ్యాక్‌లాగ్స్ ఉన్నా ఓకే, గ్యాప్ ఎన్నేళ్లున్నా ఓకే. ఇన్ని తీసివేతలు పోగా అభ్యర్థి దగ్గర తప్పనిసరిగా ఉండాల్సింది ఒక్క ఫోన్‌పే అని తేలుతుంది. '100 శాతం జాబ్ గ్యారంటీ' పక్కన మాత్రం ఒక చిన్న చుక్క గుర్తు ఉంటుంది. దాని వివరం ఫ్లెక్సీ అడుగున ఉంటుంది. ఆ అడుగు భాగం సరిగ్గా టిఫిన్ సెంటర్ రేకు వెనక్కి పోతుంది.

సీసీఎన్ఏ పరీక్ష మీద నాకే కోపమూ లేదు. స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేసే లియొనార్డ్ బోసాక్, సాండీ లెర్నర్ దంపతులు 1984లో పెట్టిన సిస్కో కంపెనీ, 1998లో మొదలుపెట్టిన సర్టిఫికెట్ ఇది. మన హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచిందీ ఆ ఏడే. ఇప్పుడు నడుస్తున్నది 200-301 అనే పేపర్, 2020 ఫిబ్రవరి నుంచి ఇదే. రెండు గంటల పరీక్ష. నెట్‌వర్క్ మూల సూత్రాలు, స్విచ్చింగ్, రూటింగ్, సెక్యూరిటీ, కాస్త ఆటోమేషన్, అన్నీ తగుమాత్రంగా అడుగుతారు. ఒక ప్రశ్న దాటితే వెనక్కి వెళ్లనివ్వరు. ఫీజు 300 డాలర్లు, అంటే పాతిక వేలు దాటే మాట, పన్ను అదనం. పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. ముందు అర్హత ఏమీ అక్కర్లేదని సిస్కోవాళ్లే అంటారు, ఫ్లెక్సీ చెప్పే అబద్ధాలకు ఈ ఒక్క నిజం పునాది. ఏ డిగ్రీ లేనివాడైనా రాయొచ్చు, నిజమే. ఏమీ చదవనివాడు కూడా రాయొచ్చని సిస్కో అనలేదు. ఆ సవరణ మన దిల్‌సుఖ్‌నగర్‌ది.

డెమో క్లాసుకు ముందు 'కౌన్సెలింగ్' అని ఒక తంతు ఉంటుంది. కుర్రాడిది దేవరకొండ వైపు అనుకోండి. బీఎస్సీ అయిందనిపించాడు. పక్క ఊరి మిత్రుడితో హాస్టల్లో దిగాడు. ఎదుటి కుర్చీలో ఇన్‌స్టిట్యూట్ అన్న.

"అన్నా, నాకు కంప్యూటర్ అంతగనం రాదు. సమజైతదా?"

"ఎందుకు గాదు తమ్మీ! బీకామోళ్లు చేసిన్రు, బీఏ వోళ్లు చేసిన్రు. మొన్న ఒకాయనది మెకానికల్, ఇప్పుడు గచ్చిబౌలిల ఉన్నడు."

"ఏ కంపెనీ అన్నా?"

"పెద్ద కంపెనీ."

"జీతం ఎంతుంటది?"

"మంచి ప్యాకేజీ."

"ఎగ్జామ్ కష్టమంటున్నరు గదన్నా?"

"ఎగ్జామ్ గురించి నువ్వు ఫికరు జెయ్యకు. అది మేం జూసుకుంటం."

పరీక్ష రాయాల్సింది కుర్రాడు, చూసుకునేది వీళ్లు. ఎలా చూసుకుంటారన్నది కాసేపాగి చెబుతాను. ముందు క్లాసులోకి వెళ్దాం, ఫీజు కట్టేశాడు పాపం.

క్లాసు జూమ్‌లో. 'లైవ్' అని రాసిందిగానీ, జూలైలో విన్న క్లాసులో సారు అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పేసరికి కొందరికి అనుమానం వస్తుంది. అడిగితే 'రికార్డెడ్ విత్ లైవ్ సపోర్ట్' అంటారు. నిజంగా లైవ్ అయిన రోజున చాట్‌లో పాఠం గురించిన మాట ఒక్కటీ ఉండదు. 'సార్ వాయిస్ బ్రేక్ అవుతుంది', 'సార్ స్క్రీన్ కనబడట్లేదు', 'సార్ ఆడియో లేదు'. సారు జవాబు ఒకటే: "మీ సైడ్ ప్రాబ్లం అండీ, ఒకసారి అందరూ రీజాయిన్ అవ్వండి." నెట్‌వర్క్ ఎక్కడ తెగిందో కనిపెట్టడం నేర్పించే క్లాసులో, నెట్‌వర్క్ ఎక్కడ తెగిందో ఎవరికీ తెలీకుండా అరగంట గడిచిపోతుంది. ఆ అరగంటలో కుర్రాళ్ల చేత పింగ్ కొట్టించి, ట్రేస్‌రూట్ కొట్టించి, ఎక్కడ ఆగుతోందో చూపిస్తే కోర్సు మొత్తంలో వాళ్లు నేర్చుకున్న మొదటి పని అదే అయ్యేది. సారుకు ఆ ఆలోచన రాదు. సిలబస్ కంప్లీట్ చెయ్యాలి.

సిలబస్ అంటే ఏ సిలబస్? హాస్టల్ సందులో జిరాక్స్ షాపులో దొరికే 'మెటీరియల్' తిరగేస్తే అందులో ఫ్రేమ్ రిలే మీద ఒక అధ్యాయం ఉంటుంది. 2016లోనే దాన్ని సిలబస్ నుంచి తీసేశారు. ఈఐజీఆర్‌పీ అనే రూటింగ్ పద్ధతి మీద ఇంకో పెద్ద అధ్యాయం, అది 2020 పేపర్‌లో లేదు. క్లాస్ ఏ, క్లాస్ బీ, క్లాస్ సీ అంటూ అడ్రసుల్ని తరగతులుగా విడగొట్టే పాఠం రెండు రోజులు నడుస్తుంది. ఇంటర్నెట్ ఆ తరగతుల పద్ధతిని వదిలేసి, ఎంత కావాలంటే అంత ముక్క కోసుకునే పద్ధతికి 1993లోనే మారింది. 2003లో పుట్టిన కుర్రాడు తన పుట్టుకకు పదేళ్ల ముందు మూలన పడేసిన పద్ధతిని నోట్సు రాసుకుంటున్నాడు. ఏడు లేయర్ల ఓఎస్ఐ మోడల్ సంగతి సరేసరి. 1984లో ప్రమాణంగా అచ్చయిన ఆ మోడల్ ప్రకారం తయారైన ప్రోటోకాల్స్ పోటీలో నిలవలేదు, నెగ్గింది టీసీపీ/ఐపీ. ఆర్పానెట్ 1983 జనవరి 1నే దానికి మారిపోయింది. ఓఎస్ఐ ఎందుకూ పనికిరాదని అనను, సమస్య ఎక్కడుందో విడదీసి ఆలోచించడానికి భేషైన సాధనం. కానీ మనవాళ్లు దాన్ని ఆలోచించడానికి వాడరు. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి అప్పజెప్పడానికి వాడతారు. చిన్నప్పుడు తిథులు, నక్షత్రాలు అప్పజెప్పిన జాతి మనది, ఏడు లేయర్లు మనకో లెక్కా!

ఇక ఐపీ అడ్రస్ అంటే ఏమిటో చెప్పడానికి ట్రైనర్ల దగ్గర ఒకే ఉపమానం ఉంది. "ఐపీ అడ్రస్ అంటే మీ ఇంటి డోర్ నంబర్ లాంటిదండీ." దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు వెతికినవాడెవడూ ఈ మాట నోరుజారి కూడా అనడు. ఇక్కడ వార్డు, బ్లాకు, ఇంటి నంబరు అని మూడు అంకెలతో బుద్ధిగా మొదలవుతుంది. ఆ తర్వాత స్లాష్ ఏ, స్లాష్ 3, స్లాష్ 3 బీ అంటూ తోక పెరుగుతూ పోతుంది. నంబరు పట్టుకుని వెతికితే దొరకదు కాబట్టే కదా అందరూ పిల్లర్ నంబరు చెప్పేది! అయితే ఆ తోక ఎందుకు పెరిగిందో ట్రైనర్ ఒక్క నిమిషం ఆలోచిస్తే, పిల్లలు వణికిపోయే సబ్‌నెట్టింగ్ అనే పాఠం అందులోనే ఉంది. తాతగారి ప్లాటు ఒకటే. నలుగురు కొడుకులు పంచుకున్నారు. వాటా వాటాకూ ఒక స్లాష్. అచ్చం అలాగే 256 అడ్రసులున్న ఒక నెట్‌వర్క్‌ను స్లాష్ 26 గీత గీసి నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు 64 అడ్రసులు వస్తాయి. సున్నా నుంచి 63 దాకా పెద్దోడికి, 64 నుంచి 127 దాకా రెండోవాడికి, 128 నుంచి 191 దాకా మూడోవాడికి, 192 నుంచి 255 దాకా చిన్నోడికి. ప్రతి ముక్కలో మొదటి అడ్రసు ఆ ముక్క పేరుకు, ఆఖరిది ముక్కలో అందర్నీ ఒకేసారి పిలవడానికి పోగా వాడుకునేవి 62. వాటాల్లోనూ అంతే, ప్రహరీకి, దారికి పోగా మిగిలిందే కొడుకు అనుభవించేది. భూమి తగాదాలు చూసి పెరిగిన నల్లగొండ పిల్లాడికి ఇది అరగంట పాఠం.

ఆ అరగంట ఎవరూ ఖర్చు పెట్టరు. ఎందుకంటే పరీక్షలో వచ్చేది సబ్‌నెట్టింగ్ అనుకుంటున్నారు మీరు. ఇన్‌స్టిట్యూట్ దృష్టిలో వచ్చేది ఆప్షన్ సి.

ఇప్పుడు 'మేం జూసుకుంటం' సంగతి. దానికి వాడుక పేరు డంప్స్. పరీక్ష రాసి వచ్చినవాళ్లు బయట కక్కిన ప్రశ్నల్ని ఏరి, జవాబులు జోడించి, పీడీఎఫ్ చేసి, టెలిగ్రామ్‌లో పంచిపెట్టే సరుకు. 'లేటెస్ట్', 'వెరిఫైడ్' అని ప్రతి పేజీ మీదా అడ్డంగా నీలం ముద్ర. వెరిఫై చేసిందెవరో తెలీదు. కొన్ని డంపుల్లో ఏది సరైన జవాబో ఓట్లేసి తేలుస్తారు. ప్యాకెట్ ఏ దారిన పోవాలో రూటింగ్ టేబుల్ నిర్ణయిస్తుందని లోకం అనుకుంటుంది, మనవాళ్లు మెజారిటీకి వదిలేశారు.

ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ విద్య అనుకునేరు. ఇంటర్‌లో 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్', టెన్త్‌లో బిట్ బ్యాంకు, పరీక్ష ముందురోజు గెస్ పేపర్, ఇన్ని తరాల సాధన వెనకుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా అంతస్తుకో జూనియర్ కాలేజీ పెట్టి, కిటికీలు మూసి మనం పిల్లలకు నేర్పింది ఒకటే: ప్రశ్న చదవకముందే జవాబు గుర్తుకు రావాలి. అదే పిల్లాడు పెద్దయి డంప్ బట్టీ పడితే ఇప్పుడు ముక్కున వేలేసుకుంటే ఎలా? ఇదేమీ మనకే పట్టిన జబ్బూ కాదు. 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంసీఎస్ఈ సర్టిఫికెట్ జోరుమీద ఉన్నప్పుడు, పుస్తకం బట్టీకొట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని సర్వర్ ముందు బిక్కమొహం వేసేవాళ్లకు అమెరికావాళ్లే 'పేపర్ ఎంసీఎస్ఈ' అని పేరు పెట్టారు. కాకపోతే వాళ్లు సిగ్గుపడుతూ చేసిన పనికి మనం ఫ్లెక్సీ కట్టాం.

డంప్ ఎలా పనిచేస్తుందో ఒక్క ప్రశ్నతో చూడండి. 192.168.10.77 స్లాష్ 26 ఏ నెట్‌వర్క్‌లోది? డంప్ చదివినవాడికి లెక్క అక్కర్లేదు, 77 అనే అంకె కనబడగానే చెయ్యి 'సి' మీదికి పోతుంది. సి దగ్గర 64 ఉంది, కరెక్టే, 77 రెండోవాడి వాటాలోది. ఇప్పుడు పేపర్ పెట్టేవాడు 77 ముందు ఒకటి చేర్చి 177 చేశాడనుకోండి. వాటా మారిపోయింది, జవాబు 128. మనవాడి చెయ్యి మాత్రం ఇంకా సి మీదే ఉంది. ఆప్షన్ల వరస కూడా తిప్పేస్తే ఇక చెప్పేదేముంది, 45 రోజుల కోర్సు అక్కడితో సమాప్తం. బయటికొచ్చి "డంప్స్ చేంజ్ చేసిన్రన్నా" అని ఫోన్ చేస్తాడు. సబ్జెక్టు తెలీలేదన్న మాట అతని నోట రాదు. తప్పు వాడిదీ కాదు, సబ్జెక్టు అనేది ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

పరీక్ష మొదట్లో స్క్రీన్ మీద ఒక ఒప్పందం వస్తుంది. ఈ ప్రశ్నలు బయట చెప్పనని, బయటి నుంచి తెచ్చుకోలేదని ఒప్పుకోవాలి. దొరికితే మార్కులు రద్దు చేస్తారు, సర్టిఫికెట్ పీకేస్తారు, మళ్లీ రాయకుండా నిషేధమూ పెడతారు. మనవాడు అది చదవకుండా 'యాక్సెప్ట్' నొక్కుతాడు. డంప్‌లో లేని స్క్రీన్ అదొక్కటే.

ఇక ఇంట్లోంచే పరీక్ష రాసే సదుపాయం ఉంది చూశారూ, అది హాస్టల్ జీవితం తెలిసినవాడెవడూ పెట్టని నియమాలతో నడుస్తుంది. గదిలో మరో మనిషి ఉండకూడదు. గదిని నాలుగు వైపులా ఫొటో తీసి పంపాలి. బల్ల మీద కాగితం ముక్క ఉండకూడదు. ఫోను చేతికందకూడదు. ఫోర్ షేరింగ్ గదిలో ముగ్గురిని రెండు గంటలు బయటికి పంపడమంటే మాటలా! ఒకడు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుని ఉంటాడు. వాడికి బిర్యానీ మొక్కుకుని లేపాలి. బల్ల లేదు, ఇస్త్రీ పెట్టే స్టూలే బల్ల. ఫొటోలో మంచం కింద సూట్‌కేసులు, గోడకు డీఎస్సీ మెటీరియల్, దండెం మీద నలుగురి బనీన్లు. ఇవన్నీ సర్దుకుని మొదలుపెడితే, ఎక్కడో కూర్చుని కెమెరాలో చూసే ప్రొక్టర్ ఒక హెచ్చరిక పంపుతాడు: పెదవులు కదపకూడదు. ఒకటో క్లాసు నుంచి పైకి చదివితేనే బుర్రకెక్కుతుందని చెప్పి పెంచిన పిల్లాడు వాడు, పెదవులు కదపకుండా ప్రశ్న చదవడం వాడి వల్ల ఎలా అవుతుంది? ఈలోగా తలుపు తీసుకుని మెస్ ఆంటీ, "బాబూ, ఇయ్యాల పప్పే, గుడ్డు లేదు" అందంటే పరీక్ష రద్దయినా అవుతుంది. పాతిక వేల పైచిలుకు ఒక గుడ్డు కబురుకు పోయినట్టే.

నన్నడిగితే ఈ కథలో అసలు చోద్యం ఫీజు. చదువుకు కావాల్సినవేవీ డబ్బు పెట్టి కొనాల్సినవి కావు. సిస్కో 1997 నుంచి నడుపుతున్న నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. అందులో రూటర్లు, స్విచ్‌లు బొమ్మల్లో పెట్టి, తీగలు కలిపి, పాడుచేసి, బాగుచేసి చూసుకోవచ్చు. యూట్యూబ్‌లో జెరెమీస్ ఐటీ ల్యాబ్ అని సిలబస్ మొత్తం పూసగుచ్చినట్టు చెప్పే పాఠాలున్నాయి, అవీ ఉచితమే. వెండెల్ ఓడమ్ పుస్తకాలు కొనలేకపోతే లైబ్రరీలో, సీనియర్ దగ్గర అడిగి చదువుకోవచ్చు. మరి ఇన్‌స్టిట్యూట్ అమ్ముతున్నదేమిటి? పక్కన కూర్చుని "ఎక్కడ తప్పావు, మళ్లీ చెయ్యి" అనే గురువుంటే ఆ ఫీజు దండగని నేననను. అలాంటివాళ్లు ఒకరిద్దరు ఇదే రోడ్డులో చిన్న గదుల్లో ఉన్నారు, వాళ్లకు ఫ్లెక్సీలు ఉండవు. మిగతావాళ్లు ఉచితంగా దొరికేదాన్ని అమ్మలేరు కాబట్టి, అమ్మకూడనిదాన్ని అమ్ముతున్నారు.

అమ్మకం పరీక్షతో ఆగదు. పాసయ్యాక కుర్రాడు ఉద్యోగాలు వెతికితే ఎక్కడ చూసినా రెండేళ్ల అనుభవం, మూడేళ్ల అనుభవం. దానికీ సందుంది. 'ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తం' అంటారు. మూడేళ్లు ఏదో కంపెనీలో పనిచేసినట్టు ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు, కనుక్కుంటే "అవును, మా దగ్గరే చేశాడు" అని చెప్పే ఫోన్ నంబరు, అన్నీ ఒకే ప్యాకేజీ. దీన్ని ఊళ్లో అందరూ బ్యాక్‌డోర్ అని ముద్దుగా పిలుస్తారు. దొంగతనానికి ఇంత గౌరవమైన పేరు ఇంకే వృత్తిలోనూ ఉండదు. సర్టిఫికెట్ చెల్లేది మూడేళ్లు, రెజ్యూమేలో అనుభవం మూడేళ్లు, రెండూ ఒకే వారంలో చేతికొచ్చాయి. ఇంటర్వ్యూ భయముంటే అదీ 'చూసుకుంటారు'. ఇంకెవడో హెడ్‌సెట్ పెట్టుకుని జవాబులు చెబుతుంటే మనవాడు కెమెరా ముందు నోరు ఆడించాలి. ప్రొక్టర్ దగ్గర కదపకూడదన్న పెదవుల్నే ఇక్కడ కదపాలి.

ఇంతా చేసి ఉద్యోగంలో చేరాడనుకోండి. రెండో రోజు ఆఫీసులో నెట్ మొత్తం పోతుంది. ఒక అంతస్తు కాదు, అన్నీ. కారణం చిన్నదే. కాన్ఫరెన్స్ రూములో టేబుల్ కింద ఎవరో ఊడిన కేబుల్ కనబడితే పుణ్యానికి ఖాళీగా ఉన్న సాకెట్లో గుచ్చారు. ఆ కేబుల్ రెండో కొస కూడా అదే చిన్న స్విచ్‌లో ఉంది. తిరిగినదే తిరిగి, ఒక్క సందేశం లక్షలై స్విచ్‌లన్నీ ఉక్కిరిబిక్కిరి. ఇలా జరగకుండా కాపాడే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరమ్మ 1985లో కనిపెట్టింది, స్పానింగ్ ట్రీ అంటారు. మనవాడికి ఆ పేరు తెలుసు. డంప్‌లో దాని మీద బోలెడు ప్రశ్నలున్నాయి, జవాబులన్నీ నోటికొచ్చు. టేబుల్ కిందికి వంగి చూడాలన్న సంగతి మాత్రం ఏ ఆప్షన్‌లోనూ లేదు. చివరికి వంగి చూసేది ఆఫీస్ బాయ్. తీగ పీకేది అతనే. జీతం మాత్రం మనవాడిది ఎక్కువ, ఈ ఒక్క విషయంలో సర్టిఫికెట్ పని చేసింది.

తీగ మాటొచ్చింది కాబట్టి చెప్పాలి. ఈ నగరానికి నెట్ ఎవరు నడుపుతున్నారో తెలుసుకోవాలంటే మీ ఇంట్లో బాక్స్ మీద ఎర్ర లైటు వెలిగిన రోజు చూడండి. కేబుల్ ఆపరేటర్ కుర్రాడు వస్తాడు. స్తంభం కింద గొడుగు నీడన కూర్చుని, వెంట్రుకంత గాజుపోగును శుభ్రంగా తుడిచి, తిన్నగా కోసి, స్ప్లైసింగ్ మిషన్లో పెట్టి అతికిస్తాడు. పోగు ఎటు పోతుందో, ఏ స్తంభం దగ్గర ఎలక కొరికిందో, ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పైకి రానివ్వడో అతనికి కంఠోపాఠం. కాపర్ కేబుల్ అయితే తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం అంటూ ఎనిమిది రంగులు చీకట్లో కూడా వరస తప్పకుండా పేర్చి క్లిప్పు నొక్కేస్తాడు. అతనికి సీసీఎన్ఏ లేదు. అతన్ని ఎవరూ ఇంజినీర్ అనరు. 'నెట్ బాయ్' వచ్చాడంటారు, మంచినీళ్లు కూడా ఇవ్వరు. 2025 ఆగస్టులో ఇక్కడికి దగ్గర్లోనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ ఘోరం తర్వాత విద్యుత్ శాఖ వాళ్లు స్తంభాల మీద కేబుళ్లు కత్తిరించుకుంటూ పోయారు. ఎక్కడికక్కడ నెట్ పోయింది, పంచాయితీ హైకోర్టు దాకా వెళ్లింది. స్తంభానికి ఏది కట్టొచ్చో, ఎంత ఎత్తున కట్టాలో, భూమిలో ఎప్పుడు వేస్తారో తేల్చకుండా ఏళ్ల తరబడి చుట్టలు చుట్టి వేలాడదీసిన పాపమది. నెట్‌వర్క్ అంటే ఏమిటో, దాన్ని పద్ధతిగా వేయకపోతే ఏమవుతుందో చూపించే పాఠం హాస్టల్ కిటికీ బయటే వేలాడుతోంది. లోపల కుర్రాళ్లు ఏం చేశారు? క్లాసు రీషెడ్యూల్ అయిందని మెసేజ్ వస్తే సినిమాకు వెళ్లారు.

"పేద పిల్లలండీ, ఏదో దారి దొరుకుతోంది, మీకెందుకు కడుపుమంట?" అని అడుగుతారు. పేద పిల్లాడి తండ్రి దగ్గర అప్పు చేయించి పుచ్చుకున్న డబ్బుకు పేదరికాన్నే అడ్డం పెట్టుకోవడం భలే తెలివి. "అందరూ చేస్తున్నదే కదా" అనేది రెండో వాదన. అందరూ చెయ్యట్లేదు, ఇదే నా అసలు ఫిర్యాదు. అదే హాస్టల్లో, అదే ఫోర్ షేరింగ్ గదిలో, మిగతావాళ్లు పడుకున్నాక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ప్యాకెట్ ట్రేసర్ తెరిచి, ఓఎస్‌పీఎఫ్‌తో రూటర్లు ఎందుకు కలవట్లేదో తెల్లారేదాకా తల పట్టుకుని కూర్చునేవాడు ఒకడుంటాడు. వాడికి 45 రోజులు చాలవు, నాలుగైదు నెలలు పడుతుంది. వాడూ పాసవుతాడు, డంప్‌వాడూ పాసవుతాడు, ఇద్దరికీ ఒకే కాగితం. ఇలాంటి కాగితాలు చూసి చూసి విసిగిన కంపెనీ మేనేజరు, "హైదరాబాద్ సీసీఎన్ఏనా, పక్కన పెట్టు" అంటాడు. పక్కన పెట్టినవాటిలో మొదట పోయేది నిజంగా చదివినవాడిదే, ఎందుకంటే వాడి రెజ్యూమేలో దొంగ మూడేళ్లు లేవు.

కంపెనీలేమీ పత్తిత్తులు కావు. ఎంట్రీ లెవెల్ అని పేరు పెట్టి రెండేళ్ల అనుభవం అడిగేది వాళ్లే. ఎల్1 అనే తొలిమెట్టు ఉద్యోగమంటే రాత్రంతా కూర్చుని స్క్రీన్ మీద ఎర్రచుక్క కనబడితే పైమెట్టు ఎల్2కు ఫోన్ చెయ్యడం. ఆ పనికి అనుభవం దేనికో ఎవరూ చెప్పరు. అనుభవం ఉన్నట్టు నటించమని వాళ్లే కోరితే, నటన నేర్పే బడి వెలవకుండా ఎలా ఉంటుంది? ఒక గంట ఎదురుగా ఒక స్విచ్, రెండు కేబుళ్లు, ఒక ల్యాప్‌టాప్ పెట్టి "దీన్ని పనిచేయించు" అంటే ఎవడేమిటో తేలిపోతుంది. ఆ గంట ఖర్చు పెట్టడం దండగని హెచ్‌ఆర్ లెక్క.

ఇక 2024 ఆగస్టు నుంచి సిలబస్‌లో కృత్రిమ మేధ ప్రస్తావన కూడా చేరింది. నెట్‌వర్క్ నిర్వహణలో ఏఐ పాత్ర ఏమిటో చెప్పగలిగితే చాలు, సిలబస్ మొత్తంలో చిన్న చెంచాడు. ఫ్లెక్సీ మీద మాత్రం ఏఐ పెద్దక్షరాల్లో, సీసీఎన్ఏ చిన్నక్షరాల్లో వచ్చేసింది. సబ్‌నెట్టింగ్ రాని సారే ఏఐ కూడా చెబుతాడు. డంప్‌లు తయారుచేసే పని కూడా ఇప్పుడు ఏఐదేనట, ఆ విధంగా చూస్తే కోర్సు పేరు అబద్ధం కాదు.

ఈ అంగడిలో ఇంతవరకూ నాకు నచ్చిన ప్రశ్న ఒకే ఒక్కటి, అదీ ఏ నెట్‌వర్కింగ్ తెలీనాయన వేశాడు. సూర్యాపేట వైపు రైతు, కొడుకు వెంట కౌన్సెలింగ్‌కు వచ్చాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని అంతా విన్నాడు. బ్రోచర్ అటూ ఇటూ తిప్పాడు.

"నౌకరి గ్యారంటీ అంటున్నరు గద సారూ?"

"హండ్రెడ్ పర్సెంట్ పెద్దాయనా. మా రికార్డు చూడున్రి."

"అయితే ఒక పని జేద్దాం. పిలగాడికి మీరే నౌకరి ఇప్పియ్యున్రి. మొదటి నెల జీతం రాంగనే మీ ఫీజు మొత్తం నేనొచ్చి కట్టిపోత. వడ్డీ గూడ ఏస్కోన్రి."

అన్న కాసేపు కంప్యూటర్ వైపు చూశాడు. మౌస్ అటూ ఇటూ కదిపాడు.

"ఆ స్కీము పోయిన బ్యాచ్‌తోనే క్లోజ్ అయింది పెద్దాయనా."